రాజధాని కాపురం: పెనుకొండ, హిందూపురం, ధర్మవరం

సుమతీ శతకంలో ఊరిని ఎంచుకోవడం గురించి ఒక పద్యం ఉంది. చిన్నప్పుడు మనమంతా బట్టీ పట్టిందే. అవసరానికి అప్పు పుట్టాలి, జబ్బు చేస్తే చూసే వైద్యుడుండాలి, ఏడాది పొడవునా నీళ్ళున్న ఏరుండాలి, మంచికీ చెడుకీ పిలిస్తే పలికే పురోహితుడుండాలి. ఇవన్నీ ఉన్న చోటే కాపురం పెట్టు, లేని ఊళ్ళో అడుగు పెట్టకు అని దాని సారాంశం. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఒక చెక్‌లిస్ట్.

చిక్కేమిటంటే, ఈ లెక్కన అనంతపురం సీమలో ఒక్క ఊరు కూడా పాసవదు. మూడో షరతు దగ్గరే అన్నీ ఆగిపోతాయి. పెన్న మా వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. చిత్రావతి సంగతీ అంతే. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మాది ఒకటి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు. అయినా ఈ సీమలో వందల ఏళ్ళుగా జనం బతుకుతున్నారు. అంతకంటే వింత, ఒకప్పుడు దక్షిణాదిలోకెల్లా పెద్ద రాజ్యం తన రాజధానిని ఎత్తుకొచ్చి ఇక్కడే పెట్టింది.

ఈ పాత సంగతి నాకిప్పుడు ఎందుకు పట్టుకుందంటే, మా ఇంట్లోనూ అదే చర్చ నడుస్తోంది. బెంగళూరులో పన్నెండేళ్ళయింది. పాప వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. బాబుకి రెండేళ్ళు. ఊరు మారాలన్నది తేలిపోయింది, ఏ ఊరన్నదే తేలడం లేదు. మా అమ్మానాన్నా హిందూపురంలో ఉంటారు. మా ఆవిడ పుట్టిల్లు ధర్మవరం. పెనుకొండ రెండింటికీ మధ్యలో ఉంది కాబట్టి అదొక రాజీ ప్రతిపాదన. రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక స్ప్రెడ్‌షీట్ తెరిచి కూచుంటాం. నీళ్ళు, బడి, ఆసుపత్రి, అద్దె, రైలు. ఆ నిలువు వరసలు నింపుతూ నింపుతూ నేను పదహారో శతాబ్దంలోకి జారిపోయాను. తిరుమలరాయలి దగ్గర కూడా ఇలాంటి పట్టిక ఒకటి ఉండుంటుంది కదా, అందులో పెనుకొండకు మార్కులు ఎలా పడ్డాయి అని.

ఖాళీ ఇళ్ళ నగరం

1565 జనవరిలో కృష్ణా నది దగ్గర యుద్ధం జరిగింది. మనం తళ్ళికోట యుద్ధం అంటాం, రక్కసగి తంగడి అని కూడా అంటారు. అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరానికి వెనక్కి వచ్చి, పేరుకు మాత్రమే రాజైన సదాశివరాయలినీ, ఖజానానూ తీసుకుని పెనుకొండకు వెళ్ళిపోయాడు. రాబర్ట్ సీవెల్ 1900లో రాసిన ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’లో ఆ ఖజానాకు 550 ఏనుగుల లెక్క కనిపిస్తుంది. లెక్క ఎంతవరకు నిజమో గాని, సామాను సర్దుకోవడానికి గంటల వ్యవధే ఉందన్నది మాత్రం అర్థమవుతుంది. ఏది పట్టుకెళ్ళాలి, ఏది వదిలెయ్యాలి అన్న ప్రశ్నకు రాజుగారి జవాబు: రాజు, రాజు పేరు మీద చెల్లే డబ్బు. ఊరి జనం ఆ జాబితాలో లేరు.

బడి పుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. నగరం తగలబడింది, రాజధాని మారింది. నిజానికి మార్పు అంత తేలిగ్గా జరగలేదు. చెజారె ఫెదెరీచి అనే వెనిస్ వర్తకుడు 1567లో గోవా నుంచి విజయనగరానికి వచ్చాడు. నెల రోజుల్లో తెమిలే పనికి ఏడు నెలలు ఉండిపోయాడు, కారణం దారిపొడుగునా దొంగల భయం. ఆయన రాసిపెట్టిన వివరాల్ని బట్టి చూస్తే నగరం పూర్తిగా నేలమట్టం కాలేదు. ఇళ్ళు నిలబడే ఉన్నాయి. లేనిది మనుషులు. ఆ ఇళ్ళలో పులులు, అడవి జంతువులు తిరుగుతున్నాయని ఆయన విన్నాడు.

ఆయన చెప్పిందే ఇంకొకటుంది, నాకు అసలైన సంగతి అదే అనిపిస్తుంది. తిరుమలరాయలు పాత నగరానికి తిరిగొచ్చి దాన్ని మళ్ళీ నింపాలని చూశాడు. గుర్రాలు తెస్తే మంచి ధర ఇస్తానని గోవా వర్తకులకు కబురు పెట్టాడు. యుద్ధంలో పోయిన గుర్రాలు దొరికితే అవి కూడా తెమ్మన్నాడు. వర్తకులు నమ్మి తెచ్చారు. రాజు గుర్రాలు తీసుకుని డబ్బివ్వకుండా పంపేశాడు.

సుమతీ శతకంలోని మొదటి షరతును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అప్పు పుట్టే ఊరు అంటే వడ్డీవ్యాపారి ఉన్న ఊరని మాత్రమే కాదు, ఒకరి మాట మీద ఇంకొకరు సరుకు వదిలే ఊరు అని. విజయనగరానికి శత్రువులు చేసిన నష్టం గోడలకు, గుళ్ళకు. గుర్రాల వ్యవహారంతో పోయింది పరపతి. గోడలు మళ్ళీ కట్టొచ్చు. గోవా వర్తకుడు మళ్ళీ గుర్రాలు తోలుకొస్తాడా? ఆ 1567లోనే ఆస్థానం ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలో ఉన్న పెనుకొండకు వెళ్ళిపోయిందని ఫెదెరీచి రాశాడు. యుద్ధానికీ రాజధాని మార్పుకీ మధ్య ఈ రెండేళ్ళూ ఉన్నాయి. పాత ఊరిని బతికించుకునే ప్రయత్నం ఒకటి జరిగి, విఫలమైంది.

సింగాయభట్టు తెచ్చిన నీళ్ళు

మరి పెనుకొండే ఎందుకు?

పెనుకొండ అప్పటికి కొత్త ఊరేం కాదు. ‘పెను’ కొండ, పెద్ద కొండ. హొయసలుల నుంచి విజయనగరం చేతికి వచ్చాక 1354లో మొదటి బుక్కరాయలి కొడుకు విరుపణ్ణ ఒడయరు పాలనలో కోట కట్టారని అక్కడి శాసనం చెబుతుంది. సాళువ వంశపు చివరి రాజు ఇమ్మడి నరసింహుణ్ణి తుళువ నరసనాయకుడు నిర్బంధించి ఉంచింది ఈ కోటలోనే. అచ్యుతదేవరాయలి కాలంలో లేపాక్షి గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ పెనుకొండ సీమ అధికారులే. అంటే రాజవంశానికి ఇది రెండో ఇల్లు లాంటిది. తాళాలు ఉన్నాయి, నౌకర్లు ఉన్నారు, దుమ్ము దులిపితే చాలు.

కానీ కోటలో నీళ్ళు లేకపోతే అది రాళ్ళ గుట్టే. ఇక్కడ నాకు బాగా ఇష్టమైన శాసనం ఒకటి ఉంది. 1388 నాటిది. హిందూపురానికి దక్షిణంగా, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది. రెండో హరిహరరాయలి కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండ నుంచి పాలిస్తున్న రోజులు. ప్రాణులకు నీరే ప్రాణం కాబట్టి ప్రజలు సుఖంగా ఉండటం కోసం పెన్నను పెనుకొండకు తీసుకురావాలని నిండు కొలువులో ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ అందుకున్నవాడు సింగాయభట్టు. దశవిద్యలు తెలిసినవాడు, జలసూత్రం తెలిసినవాడు అని శాసనం అతన్ని పొగిడింది. అతను పెన్న నుంచి శిరువేర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, శాసనం చెక్కించాడు.

ఒక ఇంజనీరు పేరు రాయి మీద రాజు పేరు పక్కనే ఉండటం చూస్తే, అదే చదువు చదివి కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయిన నాలాంటివాడికి కాస్త అసూయ పుడుతుంది. రాజుగారి పేరు కాలువకు పోయింది, సరే. క్లయింటు పేరు పెట్టడం మనకూ కొత్త కాదు.

అదొక్కటే కాదు. అంతకు పంతొమ్మిదేళ్ళ ముందు, 1369లో, కడప వైపు పోరుమామిళ్ళలో బుక్కరాయలి మరో కొడుకు భాస్కరుడు చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటి, ఉండకూడని ఆరు దోషాలేమిటి అని ఆ చెరువు శాసనం వరుసగా చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని కూడా. దీన్ని బట్టి ఈ సీమ జనం సుమతీ శతకం షరతును ఎలా చదువుకున్నారో ఊహించొచ్చు. ఎండిపోని ఏరు లేదు. కాబట్టి ఏటికి నీళ్ళొచ్చిన నాలుగు రోజుల్లో వాటిని పట్టి నిలబెట్టాలి. ఏరు ఉన్న ఊరిని వెతుక్కోవడం ఒక పద్ధతి. ఉన్న ఊరికి ఏరును తెచ్చుకోవడం ఇంకో పద్ధతి. రాయలసీమ మొత్తం చరిత్ర ఈ రెండో పద్ధతిలోనే నడిచింది.

తిరుమలరాయలు ఎంచుకున్న పెనుకొండ వెనక ఈ రెండు వందల ఏళ్ళ పని ఉంది. కొండ ప్రకృతి ఇచ్చింది. మిగతావి మనుషులు చేసి పెట్టుకున్నారు.

కొత్త ఊళ్ళో పాత సాహిత్యం

రాజధాని మారితే ఏనుగులు, ఖజానాతో పాటు కవులూ మారతారు. తిరుమలరాయలి ఆస్థానంలో రామరాజభూషణుడు ఉన్నాడు. ‘వసుచరిత్ర’ తిరుమలరాయలికే అంకితం. ఆ కావ్యం చదివిన వాళ్ళు సాధారణంగా శ్లేషల గురించి, సంగీతం గురించి మాట్లాడతారు. నాకు ఈసారి కథే వేరేగా వినిపించింది. శుక్తిమతి అనే నదిని కోలాహలం అనే కొండ మోహించి అడ్డం పడుతుంది. వసురాజు ఆ కొండను కాలితో తన్ని నదిని విడిపిస్తాడు. నదికీ కొండకీ పుట్టిన కూతురు గిరికను పెళ్ళాడతాడు. భారతంలో ఉన్న పాత కథే, రామరాజభూషణుడు కల్పించింది కాదు. కానీ పెద్ద కొండ కింద, కాలువ తవ్వి నదిని తెచ్చుకున్న ఊళ్ళో కొలువున్న రాజుకు అంకితమిచ్చిన కావ్యంలో, అల్లరి మొదలయ్యేది కొండకీ నదికీ మధ్యే కావడం ముచ్చటగా లేదూ?

పురోహితుడి షరతు విషయంలో మాత్రం పెనుకొండ అవసరానికి మించి పాసయింది. ఇది జైనులకు పాత క్షేత్రం, పార్శ్వనాథుడి ఆలయం ఉంది. తిరుచిరాపల్లి నథర్ వలీ శిష్యుడని చెప్పుకునే బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది, జనం బాబయ్య స్వామి అంటారు. గుళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. దక్కన్ సుల్తాన్‌ల చేతుల్లో ఓడి వచ్చిన రాజు, ఒక సూఫీ సమాధి ఉన్న ఊరిని తన కొత్త రాజధానిగా చేసుకున్నాడు. తళ్ళికోట యుద్ధాన్ని రెండు మతాల మధ్య యుద్ధంగా మాత్రమే చూసేవాళ్ళు ఒకసారి పెనుకొండ వీధుల్లో నడిచి రావాలి.

రాజు మళ్ళీ సామాను సర్దాడు

తిరుమలరాయలు 1570 ప్రాంతంలో పట్టాభిషేకం చేసుకుని, రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచాడు. తెలుగు సీమ పెనుకొండ నుంచి శ్రీరంగరాయలికి, కన్నడ సీమ శ్రీరంగపట్నం నుంచి రామరాయలికి, తమిళ సీమ చంద్రగిరి నుంచి వేంకటపతికి. 1576లో బీజాపూరు అలీ ఆదిల్‌షా పెనుకొండను ముట్టడించాడు. శ్రీరంగరాయలు కోటను సేనాని చెన్నప్పకు అప్పగించి తాను ఖజానాతో చంద్రగిరి చేరాడు. కోట నిలబడింది. మరో పదేళ్ళు దాటాక గోల్కొండ సైన్యం వచ్చింది. అప్పటికి రాజైన వేంకటపతిరాయలు సంధి మాటలు నడిపి, ముట్టడి సడలిన మూడు రోజుల్లో తిండిగింజలు, మందుగుండు కోటలోకి చేర్చుకున్నాడని గోల్కొండ వైపు చరిత్రే చెబుతుంది. అప్పుడూ కోట నిలబడింది.

రెండుసార్లు గెలిచిన ఊరిని 1592 ప్రాంతంలో వేంకటపతిరాయలు వదిలేశాడు. చంద్రగిరికి, తర్వాత వేలూరుకు వెళ్ళిపోయాడు. కోట చేతకానిదని కాదు. సరిహద్దు మరీ దగ్గరకి వచ్చేసింది. ప్రతి పదేళ్ళకూ ముట్టడి ఎదుర్కొనే ఊళ్ళో పాలన సాగుతుందేమో గాని పంట, వర్తకం సాగవు.

ఇదంతా చెబుతుంటే మా ఆవిడ అడిగిన ప్రశ్న: “రాజు ఖజానా పట్టుకెళ్ళాడు సరే. పిల్లోళ్ళున్న వాళ్ళు ఏం చేసినారు?”

చరిత్ర దగ్గర దీనికి నేరుగా జవాబు లేదు. ముట్టడి రోజుల్లో కోటలో ఎంతమంది పసిపిల్లలు ఉన్నారో ఏ శాసనమూ రాయలేదు. మన కాలంలో జరిగిన సంగతి ఒకటి మాత్రం దగ్గరగా ఉంది. తెలుగువాళ్ళం 1953 నుంచి రాజధానులు మారుస్తూనే ఉన్నాం. మద్రాసు నుంచి కర్నూలు, కర్నూలు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి అమరావతి. 2016లో సచివాలయ ఉద్యోగుల్ని వెలగపూడికి రమ్మన్నారు. వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. చాలామంది ఏం చేశారు? పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని హైదరాబాదులోనే ఉంచి, సోమవారం పొద్దున రైల్లో వచ్చి శుక్రవారం సాయంత్రం తిరిగి వెళ్ళారు. రాజధాని మారింది, కాపురాలు మారలేదు. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో కదులుతుంది. కాపురం కదలాలంటే బడి, వయసైన తల్లిదండ్రులు, చీటీలు, పక్కింటివాళ్ళు అన్నీ కదలాలి. పెనుకొండలోనూ ఇలాంటిదే ఏదో జరిగి ఉండాలి. వేంకటపతిరాయలు వెళ్ళిపోయినా, ఊరు ఊరుగానే మిగిలింది.

రాజు అక్కర్లేని రెండు ఊళ్ళు

పెనుకొండకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళకూ రాజధాని యోగం పట్టలేదు. జనాభాలో మాత్రం రెండూ దాన్ని దాటిపోయాయి.

హిందూపురం కొత్త ఊరు. పద్దెనిమిదో శతాబ్దంలో గుత్తి మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేరిట కట్టించాడంటారు. కోట లేదు, కొండ లేదు. 1890ల తొలినాళ్ళలో గుంతకల్లు నుంచి బెంగళూరుకు రైలు మార్గం పడ్డాక, మైసూరు సరిహద్దులో ఉన్న ఈ ఊరు అంగడి ఊరైంది. బెల్లం, చింతపండు, మిరపకాయలు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే దుకాణంలో వినబడతాయి.

ధర్మవరం అంతకంటే పాతది. చిత్రావతి నీళ్ళు పట్టే పెద్ద చెరువు, దాన్ని కట్టించిన క్రియాశక్తి ఒడయరు, ఆయన తల్లి ధర్మాంబ పేరిట ఊరు అన్నది స్థానిక కథ. ఇప్పుడా ఊరంటే పట్టుచీర. ఇక్కడ ఇల్లూ కార్ఖానా ఒకటే. ముందు గదిలో గుంత మగ్గం, దాని పక్కనే పొయ్యి, దాని పక్కనే పిల్లల పుస్తకాలు. పెద్ద వాన పడి గుంతలో నీళ్ళూరితే మగ్గం ఆగిపోతుంది. కరువు సీమలో వానకు భయపడే మనుషులు నేతగాళ్ళే అనుకుంటాను.

సుమతీ శతకం మొదటి షరతు ధర్మవరంలో తిరగబడుతుంది. ఇక్కడ అప్పు ఇచ్చేవాడు ఉన్నాడు, ఎప్పుడూ ఉన్నాడు. పట్టు, జరీ ఇచ్చే షావుకారు బయానా కూడా ఇస్తాడు. ఆ బయానా తీరేదాకా ఇంకొకరి దగ్గర నెయ్యడం కుదరదు, ఊరు మారడం అసలు కుదరదు. మరమగ్గాల చీరలు వచ్చి ధరలు పడిపోయాక, అప్పుల భారంతో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఈ ఊరి నుంచి ఎన్నో వచ్చాయి. అప్పు పుట్టడం ఊరికి ఒక గుణమే. అది ఆ ఊళ్ళోనే మనిషిని కట్టేసే పలుపు కూడా అవుతుందని శతకకారుడు ఆలోచించినట్టు లేదు. మా ఆవిడ మేనమామలు నేత వదిలేసి బెంగళూరులో సెక్యూరిటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. ఏ ఊరు నచ్చిందో చూసి ఎంచుకునే అవకాశం వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. స్ప్రెడ్‌షీట్ ముందు కూచున్నప్పుడల్లా ఈ సంగతి ఆమె గుర్తు చేస్తూనే ఉంటుంది.

రెండో కాలువ

2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ పెనుకొండ మండలం ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకుంది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ బయటికొచ్చింది. జాతీయ రహదారి పక్కన కొరియన్ లిపిలో హోటల్ బోర్డులు వెలిశాయి. బెంగళూరుకు దగ్గర, చెన్నై రేవుకు దారి ఉంది, భూమి ఉంది. అన్నీ సరే, నీళ్ళు? అందుకు గొల్లపల్లి జలాశయం పనులు హడావుడిగా పూర్తి చేశారు. హంద్రీ నీవా పథకంలో శ్రీశైలం వెనక నీటిని మల్యాల దగ్గర ఎత్తి, మెట్టు మెట్టుగా పైకి పంపు చేస్తే పెనుకొండ దగ్గరికి కృష్ణ వచ్చింది. హిందూపురం తాగునీటికి కూడా గొల్లపల్లి నుంచే పైపులైను వేశారు. సింగాయభట్టు పెన్నను తెచ్చిన ఊరికి ఆరు శతాబ్దాల తర్వాత కృష్ణను తెచ్చారు. తేడా ఒకటుంది. 1388 శాసనం కాలువ ప్రజల సుఖం కోసమని చెప్పింది. ఈసారి నీళ్ళ కోసం దశాబ్దాలుగా అడుగుతున్న రైతుల కంటే, ఒక ఫ్యాక్టరీ ముహూర్తం పనుల్ని ఎక్కువ పరిగెత్తించింది.

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మూడు ఊళ్ళూ అందులోకే వచ్చాయి. కేంద్రం మాత్రం పుట్టపర్తి. హిందూపురం జనం తమ ఊరే జిల్లా కేంద్రం కావాలని వీధుల్లోకి వచ్చారు, ఎమ్మెల్యే బాలకృష్ణ మౌనదీక్ష చేశారు. కలెక్టరాఫీసు వస్తే ఊరు బాగుపడుతుందన్న నమ్మకం మనలో ఎంత లోతుగా ఉందో అప్పుడు చూశాను. పెనుకొండ చరిత్ర చదివాక ఆ నమ్మకం నాకు పలచబడింది. ఆఫీసు వచ్చిన దారినే పోగలదు. వచ్చినప్పుడు వేసిన కాలువ, రైలు పట్టా, ఆసుపత్రి పోవు.

బెంగళూరు కూడా శతకం పరీక్షలో పాసయ్యే ఊరు కాదని మర్చిపోకూడదు. దానికి నది లేదు. వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని పైకి ఎత్తి తెచ్చుకుంటుంది. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకరు వచ్చే వేళను బట్టి స్నానాలు చేశాం. సీమ వదిలి నీళ్ళున్న ఊరికి వచ్చామనుకున్న వాళ్ళం, సీమ అలవాట్లే బయటికి తీశాం.

మా పట్టిక చివరికి ఇలా తేలింది. వైద్యం వరసలో మూడు ఊళ్ళకూ దాదాపు సమానం, పెద్ద జబ్బుకు 1991 నుంచి పుట్టపర్తిలో ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. పెనుకొండలో అద్దెలు కియా వచ్చాక పెరిగాయి. ధర్మవరం జంక్షనే, రైళ్ళకు లోటు లేదు, కానీ బెంగళూరుకు అక్కడి నుంచి దూరం ఎక్కువ. నేను వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్ళాలి. కాబట్టి జూన్‌లో హిందూపురం. అద్దె ఇల్లే, ముందు ఒక ఏడాది. మా ఆవిడ ఒప్పుకుంది, రెండు షరతుల మీద. ఆమె ఉద్యోగం మానదు, పండగలకు ధర్మవరం.

ఇల్లు చూసి ఫోన్ చేస్తే నాన్న అద్దె ఎంతని అడగలేదు, బడి ఎంత దూరమనీ అడగలేదు.

“కొళాయి ఎన్ని దినాలకొగసారి వస్తాదో అడిగినావా? సంపు ఎంత పెద్దదుంది?”

సంపు కొలతలు రాసుకోవడానికి ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.